ఘాటీలో న్యూట్రల్ వేసిందెవరు

సెప్టెంబరు 11

కళ్ళ డాక్టరు ఇక కారు నడపకూడదన్నాడు. అంటున్నంతసేపూ మా అబ్బాయి కామేష్ వైపే చూశాడు. కళ్ళతో పాటు నా చెవులు కూడా పోయాయనుకున్నాడు కాబోలు. హైస్కూల్లో నా చరిత్ర క్లాసులో వెనక బెంచీ మీద నిద్రపోయిన మహానుభావుడే ఈ డాక్టరు. అప్పుడు నేను లేపకుండా వదిలేశాను. ఇప్పుడు నన్ను లేపి కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

నేను కారు నడిపి ఎన్నేళ్ళయిందో అతను అడగలేదు. ఇంజను బిగుసుకుపోయిందని, రిజిస్ట్రేషను తీరిపోయిందని నేనూ చెప్పలేదు.

అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను. అయినా వరసలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి.

సెప్టెంబరు 12

కామేష్ భోజనాల దగ్గర మాట ఎత్తాడు. కారు షెడ్డుని గదిగా మార్పిస్తాడట, బాత్రూముతో సహా. వాళ్ళమ్మకి మెట్లెక్కే బాధ ఉండదట. ఫియట్‌ని త్రినాథ్ అనే అతను తీసుకుంటాడట. పాత కార్లు బాగుచేసి, పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలకి అద్దెకిస్తాడట. నా కారు బానెట్ మీద ఎవరో పిల్లా పిల్లాడూ కూర్చుని చింతపల్లి సముద్రాన్ని చూస్తూ నవ్వుతారన్నమాట.

"అమ్మ కోసమే నాన్నా" అన్నాడు.

ఈ దేశంలో ఏ కోట కూలగొట్టినా ప్రజల కోసమే. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని నాకు తెలియదా!

సెప్టెంబరు 14

నాకు కారు ఎందుకు కావాలో కామేష్‌కి చెప్పలేకపోయాను. ఇక్కడ రాసుకుంటాను.

ప్రసూనకి ఇంట్లో నేనెవరో తెలియదు. నన్ను "మాస్టారూ" అంటుంది. మొన్న కోడలు అనూరాధని పక్కకి పిలిచి, "ఆయన పొద్దుటి నించీ కూర్చున్నారు, కాఫీ ఇచ్చి పంపెయ్యమ్మా" అంది. యాభై ఏళ్ళ కాపురం తర్వాత కాఫీ ఇచ్చి పంపెయ్యవలసిన వాడినయ్యాను.

కారులో అలా కాదు. వానాకాలం మొదట్లో తనంతట తనే షెడ్డులోకి నడిచి వెళ్ళి, బెంచీలా ఒకటే పొడుగ్గా ఉండే ముందు సీట్లో సరిగ్గా మధ్యన కూర్చుంది. నేను స్టీరింగు దగ్గర కూర్చున్నాను. నన్ను చూసి నవ్వింది. "ఎంతసేపు చేశావ్!" అంది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం అక్కడ కూర్చుంటున్నాం. చుట్టూ దుమ్ము, సీటులోంచి పీచు బయటికొచ్చింది. ఆమె మాత్రం దార్లో వచ్చే ఊళ్ళన్నీ చెబుతుంది. కొత్తవలసలో వాళ్ళ పుట్టింటి మామిడికాయల సంగతీ చెబుతుంది.

కారులో నన్ను "నువ్వు" అంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. పెద్దతనంలో చనువు పెరిగింది. నాకు బాగానే ఉంది.

ఇంట్లో తెలియదు, కారులో తెలుస్తుంది. కాబట్టి కారు ఉండాలి. ఇంతకన్నా సులువైన విషయం లోకంలో ఉందా?

సెప్టెంబరు 15

లేదు.

సెప్టెంబరు 18

త్రినాథ్ వచ్చి చూసి వెళ్ళాడు. బొటనవేలితో తలుపు మీద తట్టాడు, పుచ్చకాయని తట్టినట్టు.

"ఏటి బండండీ మేస్టారూ ఇది! రేకు సూడండి, ఎంత మందం ఉన్నాదో. ఇప్పటి కార్లకి వేలెట్టి పొడిస్తే సొట్ట పడతాది."

"ఎడమ పక్క సొట్ట ఉంది, చూశావా?"

"సూసేను. దేనికి కొట్టేరు?"

"సీతాఫలాలకి."

నవ్వాడు. నేను హాస్యమాడానని అనుకున్నాడు.

సెప్టెంబరు 19

హాస్యం కాదు. ఎవరూ నమ్మరు గనక నాకు నేనే ఒకసారి సరిగ్గా రాసుకోవాలి. నా తర్వాత ఉపేంద్ర చెప్పిన కథే మిగలకూడదు.

ఉపేంద్ర ప్రసూనకి అన్న. కారు కొన్న కొత్తలో నాకు డ్రైవింగు నేర్పానని ఊరంతా చెప్పుకున్నాడు. నేర్పిందేమీ లేదు, అయోధ్య మైదానంలో పక్క సీట్లో కూర్చుని పల్లీలు తిన్నాడు. నేను సొంతంగా నేర్చుకున్నాను. నిజమే, మొదట్లో కుడివైపు తిప్పాలంటే గుండె జారిపోయేది. ఎదురుగా బస్సులు వస్తుంటే వాటికి అడ్డంగా ఎలా వెళ్ళడం? అందుకని ఎక్కడికి వెళ్ళినా ఎడమవైపు మాత్రమే తిరిగేవాణ్ణి. కూరల మార్కెట్టు మా ఇంటికి కుడివైపు సందులోనే ఉంది. నేను కోట చుట్టూ తిరిగి, గంటస్తంభం మీదుగా, మూడు లాంతర్ల దగ్గర ఇంజను ఆగిపోతే మళ్ళీ స్టార్టు చేసుకుని, అన్నీ ఎడమ మలుపులతో మార్కెట్టు చేరేవాణ్ణి. ప్రసూన సంచీ ఒళ్ళో పెట్టుకుని ఏమీ ఎరగనట్టు కూర్చునేది. ఒకరోజు మాత్రం, "మనూళ్ళో ఇన్ని వీధులున్నాయని కారు కొనేదాకా నాకు తెలీదండీ" అంది.

అప్పుడు నవ్వాను. ఆ రోజుల్లో నవ్వేవాణ్ణి.

సెప్టెంబరు 20

నిన్న అసలు విషయం రాయలేదు.

అరకు వెళ్ళాం. అదే మా మొదటి దూర ప్రయాణం. స్టీరింగు దగ్గర నేను, మధ్యలో ప్రసూన, ఎడమ తలుపు పక్క ఉపేంద్ర. దారి పొడుగునా అతనిది ఒకటే పాట. "తిరిగొచ్చీటప్పుడు కొండంతా న్యూట్రల్లో దిగిపోవచ్చు బావా. పెట్రోలు సుక్క కాలదు. మా కొత్తవలస లారీ డ్రైవర్లు అందరూ అలాగే దిగుతారు." అది తప్పని నేను విడమరిచి చెప్పాను. గేరులో ఉంటే ఇంజను బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్లో వదిలేస్తే బరువంతా బ్రేకుల మీద పడుతుంది, కాసేపటికి అవి కాలిపోతాయి. పుస్తకంలో చదివాను. ప్రసూన ఇద్దరి మాటలూ వింటోంది.

దిగేటప్పుడు నేను రెండో గేరులోనే ఉన్నాను. ఇది నా వాఙ్మూలం. అనంతగిరి దాటాక మలుపులో కుడిచెయ్యి బయటపెట్టి సిగ్నలిస్తున్నాను. ఉన్నట్టుండి బండి తేలికైంది, జారుతోంది. బ్రేకు తొక్కాను, పట్టింది. మళ్ళీ తొక్కాను, కమురు వాసన. మళ్ళీ తొక్కాను, పెడలు మెత్తగా వెళ్ళి నేలకి ఆనింది. గేరు వేద్దామంటే గరగరమంది తప్ప పడలేదు. లోయ కుడివైపు ఉంది. నేను ఎడమకి తిప్పాను. నాకు వచ్చిన మలుపు అదొక్కటే, అదే మమ్మల్ని కాపాడింది. రోడ్డు పక్క గుట్టగా పోసిన సీతాఫలాల్లోకి వెళ్ళి, గట్టుని రాసుకుని ఆగింది. అవి అమ్మే మనిషి అవతల నీడలో బీడీ కాలుస్తున్నాడు గనక బతికాడు.

ఆ కార్లో గేరు రాడ్డు స్టీరింగు కిందే, ఎడమ వైపు ఉంటుంది. పక్కవాళ్ళకీ అందుతుంది.

"న్యూట్రల్ ఎవరు వేశారు?" అని అరిచాను.

ఉపేంద్ర ప్రసూన వైపు చూశాడు. ఆమె ఒళ్ళో సీతాఫలం గుజ్జు. తర్వాత నా వైపు తిరిగి, "నేనే బావా" అన్నాడు.

నేరస్థుడే ఒప్పుకున్నాక ఇంకే సాక్ష్యం కావాలి?

సెప్టెంబరు 22

దసరా మొదలైంది. మైకులు. ప్రసూన రెండు రోజులుగా కారు దగ్గరికి రాలేదు. జ్వరం.

సెప్టెంబరు 23

జ్వరం తగ్గలేదు. నేను తడిగుడ్డ వెయ్యబోతే నా చెయ్యి తోసేసి, "మగవాళ్ళు లోపలికి రాకూడదండీ" అంది. అనూరాధ నన్ను బయటికి పంపింది. బయటికి వచ్చి షెడ్డులో ఒక్కణ్ణే కూర్చున్నాను.

సెప్టెంబరు 26

జ్వరం జారింది. ఇవాళ మళ్ళీ కారులో కూర్చుంది. నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చిక్కిపోయావు" అంది. చూశావా కామేష్! ఎవరు గుర్తుపట్టారు నేను చిక్కిపోయానని?

కామేష్‌తో ఇంకోసారి మాట్లాడాను. గది పైన కట్టుకోమన్నాను. కారుని బయట పందిరి కింద పెట్టమన్నాను. బతిమాలాను కూడా. ఆ మాట ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

"నాన్నా, అమ్మ పోయినవారం రెండుసార్లు మెట్ల మీద తూలింది. మీకు తెలుసా?" అన్నాడు.

తెలుసు. ఆ రెండుసార్లూ కారు దగ్గరికి దిగి వస్తూనే తూలింది.

సెప్టెంబరు 28

సీతాఫలాల తర్వాత ఉపేంద్ర ఊరుకోలేదు. వాళ్ళ పినతండ్రి కూతురి పెళ్ళిలో బంతి మధ్యలో నిలబడి నన్ను అనుకరించాడు. స్టీరింగు బదులు విస్తరి పట్టుకుని, "సీతాఫలాలకి దారియ్యండహో" అని ఎడమకి తిరిగాడు. పెళ్ళివారంతా పడీ పడీ నవ్వారు. తప్పు చేసినవాడే నవ్విస్తున్నాడు. నేను తింటున్న విస్తరి ముందు నుంచి లేచాను. ప్రసూన నా వెనకే వచ్చింది. ఆ తర్వాత వాళ్ళ గుమ్మం తొక్కలేదు.

ఆమెని నేను వద్దనలేదు. వెళ్ళాలనుంటే వెళ్ళమనే అన్నాను. తనే వెళ్ళలేదు.

ప్రతి రాఖీకీ దారం కొని దేవుడి పటం ముందు పెట్టేది. అది భక్తి అనుకున్నాను.

అక్టోబరు 2

దసరా పండగ, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చాయి. ఇంట్లో మాత్రం కొబ్బరికాయలు పగిలాయి, అహింస ఏమీ జరగలేదు.

వరసగా రాయాలి.

వాహన పూజ. కామేష్ తన కారునీ, అనూరాధ స్కూటీనీ కడిగాడు. "ఇదే ఆఖరి దసరా కదా నాన్నా, ఫియట్‌కి కూడా చేద్దాం" అన్నాడు. ఆ మాటకి నేను కరిగిపోయాను, అది నా బలహీనత. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాలి కదా. షెడ్డు వాలుగా ఉంటుంది, వీధి వైపు. హ్యాండ్ బ్రేకు ఎప్పుడో చచ్చిపోయింది, కాలి బ్రేకు అంతకన్నా ముందే. అందుకని కారుని గేరులో పెట్టి, ముందు టైర్లకి రెండు రాళ్ళు అడ్డం వేసి ఉంచుతాం. రాళ్ళున్న చోట నిమ్మకాయలు పట్టవు. కామేష్ రాళ్ళు తీసేసి నిమ్మకాయలు పెట్టాడు. మా ఇంట్లో చదువుకున్నవాళ్ళం ముగ్గురం అక్కడే నిలబడి చూశాం. ఒక్కరికీ తోచలేదు.

హారతి అయ్యాక ప్రసూన ఎప్పటిలా ఎక్కి మధ్యలో కూర్చుంది. నేను స్టీరింగు దగ్గర. ఎదురుగా తెరిచిన గేటు, వాలు, వీధి. ఆమె ముందుకి వంగి చూసి, "కొండ దిగుతున్నాం కదా" అంది. అని, నా చేతి పక్క నుంచి చెయ్యి చాపి, పోపులో ఆవాలు వేసినంత అలవాటుగా, గేరు రాడ్డుని న్యూట్రల్‌లోకి లాగింది.

కారు కదిలింది. నిమ్మకాయలు పటపట చితికాయి. నేను బ్రేకు తొక్కాను. పెడలు మెత్తగా వెళ్ళి నేలకి ఆనింది.

ఎడమకి తిప్పాను.

గేటు స్తంభానికి ఆనుకుని ఆగింది. హెడ్‌లైటు ఒకటి పోయింది. అనూరాధ స్కూటీ పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కామేష్ తెల్లగా అయిపోయి పరిగెత్తుకొచ్చాడు. ప్రసూన చప్పట్లు కొడుతోంది.

"పెట్రోలు సుక్క కాల్లేదు" అంది.

అక్టోబరు 3

రాడ్డు వదులైపోయి ఉంటుంది. ఆమె చెయ్యి తగిలి దానంతట అదే జారి ఉంటుంది. పాత బండి.

త్రినాథ్‌కి కబురు వెళ్ళింది. మా ఊరి అమ్మవారి సిరిమాను సంబరం అయిన మర్నాడు తీసుకుపోతాడు. కామేష్ షెడ్డుకి తాళం వేశాడు. అతనిది తప్పని అనలేను. ఇదివరకు అన్నాను.

అక్టోబరు 4

చరిత్రలో ఒక సంఘటనని బట్టి ఇంకో సంఘటన నిర్ణయించకూడదు. ఇప్పుడు చేసింది కాబట్టి అప్పుడూ చేసిందని అనడానికి ఆధారం లేదు. ఉపేంద్ర స్వయంగా ఒప్పుకున్నాడు.

ఒప్పుకునే ముందు ఆమె వైపు ఎందుకు చూశాడు?

అక్టోబరు 5

అనూరాధని తాళం అడిగాను. నా ముఖం చూసి ఇచ్చింది. టైర్లకి రాళ్ళు తనే వేసింది. మేం కూర్చున్నాక కాస్త దూరంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

ప్రసూనని మెల్లిగా అడిగాను. "అరకు కొండ దిగినప్పుడు న్యూట్రల్ ఎవరు వేశారు?"

నా చెవి దగ్గరికి వంగింది. చిన్నపిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే కదా. నువ్వే కదా అన్నావు, డ్రైవర్లందరూ అలాగే దిగుతారని. అన్నయ్యా, ఆయనకి చెప్పకేం. చెప్పావంటే మాట్లాడ్డం మానేస్తారు."

అనూరాధ కుర్చీలోంచి లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను.

"చెప్పను" అన్నాను.

అక్టోబరు 6

ఊరంతా సిరిమాను జనం. ఇవాళ ఏమీ రాయాలని లేదు.

ఈ మూడు నెలలూ ఆమె నవ్వింది నాతో కాదు. చిక్కిపోయావన్నది నన్ను కాదు. "నువ్వు" అన్నది నన్ను కాదు. నేను లేని చోట ఆమె ఇంత సంతోషంగా ఉండేదన్నమాట. ఇంట్లోనూ కారులోనూ కూడా నేను లేను.

ఆ నవ్వు ఎవరిదో వాడికి ఇన్నేళ్ళు అందకుండా చేశాను.

అక్టోబరు 7

సిరిమాను ఊరేగింపు వెళ్ళిపోయింది. డప్పులు ఆగాక ఉపేంద్రకి ఫోను చేశాను. పొందూరులో ఖద్దరు దుకాణం పెట్టుకున్నాడని తెలుసు. నెంబరు అనూరాధ దగ్గర ఉంది. ఎప్పటి నుంచి ఉందో అడగలేదు.

"ఎవలు?"

"నేను."

"నేనంటే?"

"కూర్మనాథాన్ని."

వెనక ఎవరో బట్ట చింపుతున్న చప్పుడు.

"పెసూన ఉన్నాదా?" అన్నాడు.

"ఉంది, ఉంది. రేపు కారు పంపించేస్తున్నాం. ఒకసారి చూస్తావేమోనని."

"ఎవర్ని సూడమంతావు బావా? కారునా, సెల్లినా?"

"ఇద్దర్నీ."

అక్టోబరు 8

పొద్దున్నే బస్సు దిగి ఆటోలో వచ్చాడు. చేతికర్ర, మడత నలగని తెల్లని ఖద్దరు లాల్చీ. గుమ్మంలో ఆగి నన్ను కిందా మీదా చూశాడు.

"ఏటి బావా, ఇంకా ఉన్నావా?"

"నీ కోసమే ఆగాను."

"అబ్బో. ఆగడం నేర్సుకున్నావన్నమాట. అప్పుడు సీతాఫలాలు ఉంటే గానీ ఆగలేదు కదా."

కోపం రాలేదు. వస్తుందేమోనని చూశాను.

షెడ్డు దాకా నడుస్తూ అడిగాను. "నువ్వు వేశానని ఎందుకన్నావు?"

"నీ మొకం నువ్వు సూసుకోలేదు బావా అప్పుడు. దాన్ని ఏటి సేస్తావో అనిపించింది."

"నేనెప్పుడూ ఆమె మీద చెయ్యెత్తలేదు."

"ఎత్తలేదు. మాటాడ్డం మానేసీవోడివి. నాతో మానేస్తే నాకేటి, నాకు ఇల్లుంది, ఊరుంది. దాంతో మానేస్తే అదెక్కడికెల్తాది?"

"మరి పెళ్ళిలో ఆ వేషం ఎందుకు?"

"అందరూ నవ్వీస్తే పోతాదనుకున్నాను. నువ్వు ఇస్తరి ముందు నించి లేస్తావని అనుకున్నానేటి?" కర్రతో షెడ్డు గుమ్మం తట్టాడు. "రెండో రోజునే వొచ్చి నిజం సెప్పీవోణ్ణి. వొద్దని అదే నాకు దండం పెట్టింది."

నేనేమీ అనలేదు. నాకు చాతనైన పని అదొక్కటే, ఏమీ అనకపోవడం. దానికి ఇంత ఖరీదని తెలియదు.

ప్రసూనని అనూరాధ పట్టుకుని తీసుకొచ్చింది. ఆమె ఎప్పటిలాగే ఎక్కి మధ్యలోకి జరిగింది. నేను స్టీరింగు వైపు వెళ్ళబోయి ఆగాను.

"నువ్వు కూర్చో" అన్నాను ఉపేంద్రతో.

"నాకు డ్రైవింగ్ రాదు బావా."

"నాకు నేర్పానన్నావుగా?"

"పల్లీలు తిన్నాను." కర్ర వెనక సీట్లో పడేసి, మూలుగుతూ ఎక్కాడు. ప్రసూన అతన్ని చూసింది. రాఖీ దారాలు ఎప్పటివో, రంగులు వెలిసినవి, అనూరాధ పూజగదిలోంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఆమె వాటితో ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు తిప్పింది. తర్వాత అతని చెయ్యి లాక్కుని అన్నీ కలిపి ఒకే ముడి వేసింది. ముసలాడు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. హారను మోగింది. పూజ రోజు కామేష్ తన పాత బ్యాటరీ తగిలించాడు గనక, ఇన్నేళ్ళ తర్వాత ఆ హారనొక్కటే పనిచేస్తోంది ఆ కారులో.

నేను చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ తలుపు తీసుకుని ఎక్కాను. సొట్ట పడిన తలుపు. అప్పుడు ఉపేంద్ర కూర్చున్న చోటు. అక్కడ కూర్చుంటే గేరు రాడ్డు ఎంత దూరమో తెలుస్తుంది. ఆమె ఒడి దాటి చెయ్యి చాపాలి. ఏ పిల్లవాడికైనా తెలిసిపోతుంది. కొలిచి చూడాలని నాకే ఎప్పుడూ అనిపించలేదు.

వీధిలో త్రినాథ్ వ్యాను వచ్చి ఆగింది. కామేష్ అతన్ని గేటు దగ్గరే ఆపాడు. మా వైపు చూపించి ఏదో చెప్పాడు. త్రినాథ్ వ్యాను ఇంజను ఆపేసి, చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"న్యూట్రల్ ఎయ్యకే తల్లీ" అన్నాడు ఉపేంద్ర.

ప్రసూన పకపక నవ్వింది. అప్పుడు నేనున్నానని తెలిసింది ఆమెకి. నా వైపు తిరిగి, పైట సర్దుకుని, మర్యాదగా అడిగింది.

"మీరెక్కడ దిగాలి మాస్టారూ?"

"కొత్తవలసలో" అన్నాను. పెళ్ళిచూపులకి మొదటిసారి రైలు దిగింది అక్కడే.

"మా ఊరే!" అంది. అన్న వైపు కాస్త జరిగి నాకు చోటిచ్చింది. "ఇంకా చాలా దూరం ఉంది. ఇరుకవుతుందని మొహమాట పడకండి, సర్దుకుని కూర్చోండి."

సర్దుకుని కూర్చున్నాను.